తడిబట్టలతో తెచ్చిన నేల ఉసిరి

డెబ్బైల చివర్లో, ఐరాల దగ్గరి మా ఊళ్లో ఉండగా నాయనకు పచ్చకామెర్లు వచ్చాయి. ఆయన తేరిపార చూస్తే సున్నం కొట్టిన గోడ కూడా పచ్చబడేది. కామెర్లకు నేల ఉసిరిని మించిన మందు లేదని అవ్వ నమ్మకం. తెల్లవారగానే తలస్నానం చేసి, తడిబట్టలతో పోయి, మొక్కను వేరుతో సహా పీక్కురావాలి. దాని రసం మజ్జిగలో కలిపి నాయన గొంతు దిగేదాకా తెచ్చినవాడు నోరు విప్పకూడదు. విప్పితే మందు పనిచేయదట. జిల్లాలో నా అంత వాగుడుకాయ లేడు. అయినా నాయన కోసం పళ్లు బిగించాను.

మొక్కతో తిరిగొస్తుంటే చిన్నాయన ఎదురయ్యాడు. అన్నను చూడాలని పాకాల నుంచి తొలి బస్సుకు వచ్చాడు.

"నాయనకు ఎట్లుండాదిరా?"

అడగొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆయన నా తడిబట్టలు చూశాడు.

"అన్నా! నన్ను ఇడిసిపెట్టి పోయినావా!" అని గుండెలు బాదుకుంటూ పరుగెత్తాడు.

నేను చేరేసరికి సగం జిల్లా మా వాకిట్లో ఏడుస్తోంది. నాయన మంచం మీద లేచి కూర్చుని, "ఎవురప్పా పోయింది?" అన్నాడు.

కళ్లలో పసుపు తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. ఆ నెలలోనే నాయన పోయాడు. కబురు చెప్పడానికి నేనే పాకాల వెళ్లాను.

"చిన్నాయనా, నాయన పోయినాడు."

"ఈతూరి నన్ను ఏడిపించలేవు, పోరా!" అని ఆయన పగలబడి నవ్వాడు.

నోరు మూసుకున్నప్పుడు నమ్మిన మనిషి, నోరు తెరిస్తే నమ్మలేదు. ఆ నవ్వు ఆగేదాకా ఆయన గడపలో నిలబడటం కన్నా బరువైన పని నేను ఇంతవరకూ చేయలేదు.