తిపోకో బట్టతల చేను

వస్తోందర్రా, వాన వస్తోంది! ఆ ఏడు తూర్పున తొలి మబ్బు లేవగానే మా యాతెంగా సీమలో అందరూ ఇళ్లలోకి పరిగెత్తారు. తిపోకో ఒక్కతే చేలోకి పరిగెత్తింది. ఆవిడ వెనక నేను. కమ్మరివాణ్ణి, మండుతున్న కొలిమిని వదిలేసి ఎందుకు పరిగెత్తానంటే ఏం చెప్పను? ఆవిడ పట్టిన పారలన్నీ నేను సాగగొట్టినవే. ఆ నేలమీద మొద్దుబారిన ప్రతిసారీ పదును పెట్టి ఇచ్చిందీ నేనే. ఆ చేను పండకపోతే పరువు నాదే పోతుందన్నట్టు ఉండేది నాకు.

చేను అని మర్యాదకి అంటున్నాను. పశువులు తొక్కి తొక్కి, పైమట్టి గాలికి లేచిపోయి, మిగిలింది ఉత్త బట్టతల. గింజ వేస్తే పిట్టలు తినేవి, వాన పడితే నీళ్లు పక్క ఊరికి పోయేవి. తిపోకో మొగుడు నొబిలా మాత్రం ఏటా కుంటుకుంటూ అందులోనే జొన్నలు చల్లేవాడు. జబ్బుపడి మంచమెక్కాక కూడా పొద్దున్నే గొంతు సవరించుకుని, "తిపోకో, మొలిచిందా?" అని అడిగేవాడు. "లేదయ్యా" అనేది ఆవిడ. ఆ మాట వింటూనే పోయాడు పాపం.

తర్వాత ఇంటిపెద్ద కూగ్రి, అంటే నొబిలా అన్న, మంచి చేలన్నీ తన కొడుకులకి పంచి, ఆ బట్టతలని మరదలి మొహాన పడేశాడు. "దున్నుకో. పండితే తిను," అన్నాడు.

ఆవిడ దున్నలేదు. ఎండలు మండిపోతుంటే చేనంతా గుంటలు తవ్వింది. ప్రతి గుంటలో గుప్పెడు పెంట, కాస్త ఆకుచెత్త వేసింది. ఇంకేముంది, చెదలు పట్టాయి! ఊరంతా నవ్వింది. అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను, అది నా హక్కు మరి. నేను సామోవాణ్ణి, ఆవిడ మోసీ మనిషి. మా రెండు తెగలకీ తాతల నాటి వేళాకోళం. ఎంత మాటైనా అనుకోవచ్చు, 'బానిసా' అని కూడా పిలుచుకోవచ్చు, కోపం మాత్రం తెచ్చుకోకూడదు.

"ఏం దొరసానీ, చెదలకి పెళ్లివిందా?" అన్నాను.

"నోరు ముయ్యరా, కుక్కతలకాయలు తినే మొహమా! అవి నేలకి బొక్కలు పెడుతున్నాయి. నీ మొద్దు పారకంటే అవే నయం. వెళ్లి వాటి దగ్గర పని నేర్చుకో!"

ఇదిగో, ఇప్పుడు ఆ వాన వచ్చింది. అబ్బ, ఏం వాన! నీళ్లు ఎర్రగా పరుచుకుని, ఎప్పటిలాగే పల్లానికి పరుగు తీశాయి. ఇదీ పోయిందనుకున్నాను. మొదటి వరస గుంటలు నిండాయి. రెండో వరస నిండింది. నీళ్లు నిలిచాయి! చెదల బొక్కల్లోంచి గుడగుడమని లోపలికి ఇంకుతున్నాయి!

"ఆగాయిరా! ఒరే బానిసా, ఆగాయిరా!" అని తిపోకో తడిసిన గుడ్డల్లోనే చిందులేసింది. నేనూ వేశాను, వేసి ఒక గుంటలో బోర్లా పడ్డాను. ఆవిడ నన్ను లేపకుండా పడీపడీ నవ్వింది. తర్వాత ఆ తడి గుంటల్లో జొన్నగింజలు వేసింది.

మొలిచింది. మధ్యలో వానలు మొహం చాటేసి పక్క చేలు వాడిపోయినా, తిపోకో జొన్న నిలబడింది. మనిషిని మించి ఎదిగింది. రోజూ చూసి రాకపోతే నాకు సంగటి దిగేది కాదు. కూగ్రి కూడా వచ్చాడు. కంకి పట్టుకుని చూశాడు.

"వచ్చే ఏడు మా రెండోవాడు చేస్తాడు దీన్ని. నీకు వాగవతల ఇంకో చోటు చూపిస్తాలే, అమ్మాయ్," అన్నాడు.

ఇంటిపెద్దకి ఎదురు చెప్పలేక, ఆవిడ నా కొలిమి దగ్గరికి వచ్చి కూలబడింది. "వాగవతలది కూడా బట్టతలేరా. మళ్లీ తవ్వే ఓపిక నాకెక్కడిది?" అంది. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. దానికే నాకు భయం వేసింది, కూగ్రి మీద ఒళ్లు మండింది కూడా.

అప్పుడు తట్టింది. మోసీల ఇంట్లో చావైతే, సామోవాడు పోయినాయన బట్టలు తొడుక్కుని, ఆయనలా నడిచి, ఆయనలా మాట్లాడి, ఏడ్చేవాళ్లని నవ్వించాలి. నొబిలా పోయినప్పుడు నేను కూలిపనికి పోయి ఐవరీకోస్టు దేశంలో ఉన్నాను. ఆ ముచ్చట జరగనేలేదు.

"నొబిలా టోపీ ఉందా?" అన్నాను.

కూగ్రి పందిరి కింద పెద్దలతో జొన్నకల్లు తాగుతున్నాడు. తిపోకో వాకిట్లో దంచుతోంది. నేను టోపీ పెట్టుకుని, నొబిలాలా కుంటుకుంటూ వెళ్లాను. నవ్వులే నవ్వులు!

"అన్నా! నా చేను ఎవడికి ఇచ్చేస్తున్నావు?"

"ఆలస్యంగా వచ్చావే శవమా! చచ్చినవాడికి చేనెందుకు?"

"నీ కొడుక్కి అంత నేల యావ ఉంటే నా గోతిలో ఖాళీ ఉంది, పంపించు!"

కూగ్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే తల అడ్డంగా ఊపాడు. "ఎన్ని కోతివేషాలైనా వెయ్యి, చేను మావాడిదే."

నా దగ్గర సరుకు అయిపోయింది. ఏం చెయ్యాలో తోచక తిపోకో వైపు తిరిగి, నొబిలాలాగే గొంతు సవరించుకున్నాను.

"తిపోకో, మొలిచిందా?"

రోకలి ఆగిపోయింది. ఆవిడ టోపీనే చూసింది, నా మొహం చూడలేదు.

"మొలిచిందయ్యా," అంది. "నిలువెత్తు మొలిచింది. బరువుకి కంకులు వంగిపోయాయి. రా, చూద్దువుగాని."

ఎవరూ నవ్వలేదు. నేను కుంటడం మర్చిపోయాను. కూగ్రి చేతిలో కల్లు బుర్ర కింద పెట్టాడు. నాతో కాదు, ఆ టోపీతో అన్నాడు.

"తమ్ముడూ, నీ చేను నీ పెళ్లాం దగ్గరే ఉంటుందిరా. నేను ఉన్నా పోయినా దానిదే. ఇక వెళ్లి పడుకో."

పెద్దలంతా విన్నారు. తిపోకో వచ్చి నా నెత్తిమీది టోపీ లాగేసుకుంది. బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఇంకా నిలబడ్డావేంరా, కుక్కతలకాయ! పో, పారలకి పదును పెట్టు. కోతలు కాగానే వాగవతల దాన్ని కూడా పట్టాలి."