క్లబ్బు పందిట్లో మొదటి తాంబూలం

మొన్న మా మనుమడు వీధిలో క్రికెట్ ఆడుకోవడానికి కొత్త టెన్నిస్ బంతి కొని తెచ్చి, వాసన చూడమని నా ముక్కు దగ్గర పెట్టాడు. ఉన్నీ, రబ్బరూ కలిసిన ఆ ఘాటు తగలగానే నాకు ఆట గుర్తు రాలేదు. పెళ్లికూతురి ముస్తాబులో ఉన్న మా చెల్లెలు రాజేశ్వరి గుర్తొచ్చింది. ప్రొద్దుటూరు బయట క్లబ్బులో వలలూ బ్యాట్లూ దాచే గదిలో, గోడకు వేలాడే బ్యాట్ల కింద, తల వంచుకుని కూర్చుని ఉంది. మల్లెపూలూ సాంబ్రాణీ ఎంత కమ్ముకున్నా ఆ గదిలో రబ్బరు వాసన పోలేదు. చెల్లెలి వెనకే రామసుబ్బయ్య గారూ గుర్తొచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన్ను ఎరగనివాళ్లకు ఆయన ఎలాంటి మనిషో చెప్పాలంటే ఆ పెళ్లి సంగతే చెప్పాలి. దానికి ముందు మా ఇంటి సంగతి కొంత చెప్పక తప్పదు.

మాది జమ్మలమడుగు. అప్పట్లో మా వైశ్యుల్లో ఊరికొక పెద్దశెట్టి ఇల్లు ఉండేది. ఆ ఊళ్లో ఎవరింట పెళ్లి జరిగినా తాళి కట్టే ముందు పెద్దశెట్టికి మొదటి తాంబూలమిచ్చి అనుమతి అడిగేవారు. ఆయన "కానీయండి" అన్న తర్వాతే మంగళసూత్రం పళ్లెం కదిలేది. జమ్మలమడుగులో ఆ తాంబూలం తరతరాలుగా మా ఇంటిది. మా నాయన కాలంలో పత్తి వ్యాపారం కూలింది. మిద్దె చేజారింది. బండ్లూ ఎద్దులూ పోయాయి. చివరికి ఆయనా పోయారు. వేలం వేయడానికి వీల్లేనిది కనుక తాంబూలం ఒక్కటి మిగిలింది. అమ్మనూ చెల్లెలినీ వెంటబెట్టుకుని నేను ప్రొద్దుటూరు చేరి, రామసుబ్బయ్య గారి బట్టల అంగడిలో గుమాస్తాగా కుదిరాను. అవి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు.

ఆయన పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. పగలంతా అంగట్లో తానులు విప్పి చూపేవారు. సాయంత్రమైతే జమ్మలమడుగు రోడ్డు మీది క్లబ్బుకు పోయి, పంచె గోచీ పెట్టి టెన్నిస్ ఆడేవారు. ఓడితే బంతిని తిట్టేవారు, గెలిస్తే ఎదుటి మనిషిని. ఒకప్పుడు తెల్లదొరలు తమ కోసం కట్టుకున్న క్లబ్బు అది. వాళ్లు పోయాక ప్లీడర్లకూ డాక్టర్లకూ వర్తకులకూ మిగిలింది. ఈయన దానికి సెక్రటరీ.

నేను పనిలో చేరిన రోజే, అంగడి నిండా బేరగాళ్లుండగా, "ఏమప్పా పెద్దశెట్టీ, ఆ మల్లు తాను ఇట్లా తియ్యి" అని కేకేశారు. ఒకరిద్దరు నవ్వారు. తాను తీసి ఇచ్చాను గాని నా ముఖం మండిపోయింది. బేరం ముగిసి అంగడి ఖాళీ అయ్యాక ఆయన ముందుకు పోయి, "అయ్యా, నన్ను పేరు పెట్టి పిలవండి. ఆ మాటతో ఎగతాళి వద్దు" అన్నాను.

ఆయన గజంబద్ద కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశారు. "ఎగతాళి చేయల్లంటే పేరు పెట్టే పిలుస్తాలేప్పా. మా అక్కను మీ ఊరికే ఇచ్చినాం. మీ ఊర్లోనే చేసిన ఆ పెండ్లిలో మొదటి తాంబూలం మీ నాయన తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయప్ప మా అక్క ఇంటికి శానా తిరిగినాడు, పాపం. అట్లాంటాయన కొడుకును ఇంకేమని పిలవల్ల?"

మా నాయన ఎందుకు తిరిగాడో నేను అడగలేదు. నవ్వినవాళ్ల ముందే ఆయన ఆ మాట చెప్పి ఉంటే బాగుండేదనిపించింది, అంతే. ఆయన మాత్రం చివరిదాకా నన్ను అలాగే పిలిచారు. కొన్నాళ్లకు నవ్వేవాళ్లు నవ్వడం మానేశారు.

రాజేశ్వరికి పులివెందుల సంబంధం కుదిరింది. మంచి కుటుంబం, పిల్లవాడు నెమ్మదస్తుడు. చిక్కల్లా పెళ్లి ఎక్కడ చేయాలన్నదే. మేముండేది బాడుగ ఇల్లు, పదిమంది కూర్చుంటే పదకొండోవాడు వీధిలో ఉండాలి. జమ్మలమడుగులో మా మిద్దె ముందు నుంచి నడిచిపోయి ఇంకొకరి పందిట్లో చెల్లెలి పెళ్లి చేయడం నా వల్ల కాదు. ప్రొద్దుటూరు సత్రంలో చేద్దామంటే మొదటి తాంబూలం ప్రొద్దుటూరు పెద్దశెట్టి చెన్నకేశవయ్య గారికి పోతుంది. పెద్దాయన మంచివారే. కాని మా ఇంటి ఆడపిల్ల పెళ్లికి ఇంకొక ఇంటి అనుమతి అడగడమంటే, మిగిలిన ఆ ఒక్కటీ నా చేతులతో నేనే వదులుకోవడం. నా పట్టుదల తప్పని ఇప్పటికీ నేననుకోను.

రామసుబ్బయ్య గారు రెండు రోజులు నా ముఖం చూసి, మూడో రోజు సంగతేమిటని అడిగేశారు. చెప్పాను. "క్లబ్బులో చేద్దాం. అది ప్రొద్దుటూరు పొలిమేర అవతల ఉండాది. ఇంగ ఆ తాంబూలం గోల ఉండదు" అన్నారు.

క్లబ్బులో మెంబర్లు ఊరికే ఒప్పుకోలేదు. టెన్నిస్ కోర్టులో హోమమేమిటని ఒక ప్లీడరు గారు మండిపడ్డారట. "దొరలు ఈడ కుక్కకు పుట్టినరోజు చేసినారు స్వామీ. అప్పుడు మైలపడని కోర్టు మా పిల్ల పెండ్లికి పడతాదా?" అని ఈయన అడిగితే చివరికి కోర్టు ఇచ్చారట. నాకు మాత్రం ఒక షరతు పెట్టారు. "గేటుకాడ బంట్రోతును నిలబెట్టేది లేదు. వచ్చినోళ్లకు కాళ్లకు నీళ్లు నువ్వే ఇయ్యల్ల. రమ్మని నీ నోటితో నువ్వే పిలవల్ల."

పెళ్లి రోజు తెల్లవారినప్పటి నుంచి గేటు దగ్గర చెంబుతో నిలబడ్డాను. లోపల పనంతా ఆయన చూసుకున్నారు. పులివెందుల వాళ్ల బస్సు వచ్చింది. పెళ్లికొడుకు మేనమామ ఓబయ్య గారు ముందు దిగారు. భారీ మనిషి, ఆ ఊరి పెద్దశెట్టి ఆయనే. క్లబ్బు బోర్డు చదివి, "ఏంది, పేకాడే చోట పెండ్లా?" అన్నారు. నేను నీళ్లిచ్చి, "లోపలికి రండి" అన్నాను. ఆయన కాళ్లు కడుక్కుని లోపలికి పోయారు.

ముహూర్తం దగ్గర పడింది. కోర్టు మధ్యలో పందిరి, కింద జంపఖానాలు, చుట్టూ క్లబ్బు పేము కుర్చీలు. పురోహితుడు తాంబూలం పళ్లెం ముందుకు జరిపి, "మొదటి తాంబూలం ఎవరికి?" అన్నాడు. పొలిమేర దాటి వచ్చాం గనుక ఆ ప్రశ్నే రాదనుకున్నాం. దాటడం వల్లనే వచ్చిందని అప్పుడు తెలిసింది.

"ఎవరికేంది, మాకే" అన్నారు ఓబయ్య గారు. "ఈడ ప్రొద్దుటూరూ లేదు, జమ్మలమడుగూ లేదు. ఊరు లేని చోట పెండ్లికొడుకు ఊరిదే పెద్దరికం."

పెళ్లికి వచ్చిన ప్రొద్దుటూరు పెద్దశెట్టి చెన్నకేశవయ్య గారు కుర్చీలోంచి లేచారు. "ఊరు లేదంటే ఎట్లప్పా? ఈ క్లబ్బుకు పాలు యాడ్నుంచి వస్తాండాయి? టపా యాడ్నుంచి వస్తాంది? ఇది ప్రొద్దుటూరే."

"పాలొచ్చిన చోటికల్లా తాంబూలం పోతే, బర్రెకియ్యండి ముందు" అన్నాడు మా జమ్మలమడుగు బంధువు ఒకాయన వెనక నుంచి. అది నవ్వులో కలిసిపోలేదు. కుర్చీలు జరిగాయి. జంపఖానా మీది వాళ్లు లేచారు. ఓబయ్య గారు పెళ్లికొడుకు భుజం మీద చేయి వేసి, "లేయ్‌రా, బస్సు ఆడనే ఉండాది" అన్నారు. పిల్లవాడు పీటల మీద సగం లేచి ఆగాడు. పక్కపీట మీద రాజేశ్వరి తల ఎత్తలేదు. చేతుల్లోని కొబ్బరికాయను ఒడిలోకి దించుకుంది.

క్లబ్బు డాక్టరు గారు ఒక దారి చెప్పారు. క్లబ్బుకు సెక్రటరీయే పెద్ద కాబట్టి తాంబూలం రామసుబ్బయ్య గారికి ఇస్తే సరిపోతుందని. చెన్నకేశవయ్య గారు సరేనన్నారు. ఓబయ్య గారు కూడా, "ఆయన తీసుకుంటే మాకు పేచీ లేదు" అన్నారు. అమ్మ నా పక్కకొచ్చి, "ఇచ్చేయ్ నాయనా, ముహూర్తం పోతాంది" అంది. నేను పళ్లెం ఎత్తుకుని రామసుబ్బయ్య గారి ముందుకు నడిచాను.

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"నేను తీసుకోను. ఈయప్ప నా అంగట్లో పని చేస్తాండాడు. ఈయప్ప చేతిలోంచి నేను మొదటి తాంబూలం తీసుకుంటే, రేపట్నుంచి పెద్దశెట్టి ఇల్లు నా గుమాస్తా ఇల్లయిపోతాది. ఆ పని నా చేత చేయించొద్దండి."

అందరూ ఒప్పుకున్న ఒక్క దారినీ ఆయన మూసేశారు. చెల్లెలి పెళ్లి నా చేతుల్లోంచి జారిపోతున్నట్టు అనిపించింది. ఆ క్షణంలో ఆయన మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

ఆయన ఓబయ్య గారి వైపు తిరిగారు. "మామా, పొద్దున మీ కాళ్లకు నీళ్లిచ్చిందెవరు?"

"ఈయప్పే."

"లోపలికి రండని పిలిచిందెవరు?"

"ఈయప్పే. అయితే ఏంది?"

"ఎవరి చేతి నీళ్లతో కాళ్లు కడుక్కుంటిరో ఇది వాళ్ల ఇల్లు. ఆయప్పది జమ్మలమడుగు. ఇంగ తాంబూలం ఎవరిదో మీరే చెప్పండి."

చెన్నకేశవయ్య గారు తన కాళ్ల వైపు చూసుకుని, మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. "చెంబు నేనూ తీసుకుంటినే. ఇంగ నాకు మాట లేదప్పా" అన్నారు.

ఓబయ్య గారు కూర్చోలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. "సరే, ఇల్లు నీదే అనుకుందాం. మొదటి తాంబూలం తీసుకున్నోడు మొగుడూపెండ్లాలకు పూచీ. అది తెలుసునా? రేపు మావోడు దారి తప్పినా, మీ చెల్లెలు అలిగొచ్చినా, నడుమ కూర్చుని కలిపేది నువ్వు. యాడ కూర్చోబెడతావు? నీకు మిద్దె ఉండాదా, అరుగుండాదా? ఏముండాదని పూచీ పడతావు?"

రామసుబ్బయ్య గారి అక్క ఇంటికి మా నాయన ఎందుకు తిరిగాడో నాకప్పుడు అర్థమైంది. బదులు కోసం రామసుబ్బయ్య గారి వైపు చూశాను. ఆయన ముఖం పక్కకు తిప్పుకుని, కోర్టు అంచున చుట్టిపెట్టిన వలను చూస్తూ నిలబడ్డారు. అంత నోరున్న మనిషి ఒక్క మాట సాయం రాలేదు. పందిరంతా నా నోటి వైపే చూస్తోంది.

"నేనుండా" అన్నాను.

"శానా పొగరుండాది నీకు" అన్నారు ఓబయ్య గారు.

"ఉండాది."

"ఉండనీలే. పూచీ పడేటోనికి ఆ మాత్రం ఉండల్ల." ఆయనే పళ్లెం నా చేతుల్లోంచి తీసుకుని, ఆకులు సరిచేసి, తాంబూలం నాకు అందించారు. "కానీయండి" అన్నాను. పెళ్లికొడుకు సర్దుకుని కూర్చున్నాడు. మేళం అందుకుంది.

భోజనాల బంతులన్నీ ముగిశాక రామసుబ్బయ్య గారూ నేనూ పక్కపక్కన భోజనానికి కూర్చున్నాం. నా కోపం ఇంకా పూర్తిగా పోలేదు. "అట్లా ముఖం తిప్పుకున్నారే, ఒక్క మాట అనకూడదా?" అని అడిగాను. ఆయన పప్పన్నం కలుపుకుంటూ, "నేను పలికింటే పూచీ నాదయ్యేది. నీకేం మిగిలేది?" అన్నారు. మరుక్షణమే నెయ్యి వడ్డించేవాడి మీద విరుచుకుపడ్డారు. ఆ సంగతి మళ్లీ ఎన్నడూ మా మధ్య రాలేదు.

పూచీ మాటలతో పోలేదు. మూడో ఏట రాజేశ్వరీ, బావా మాట పట్టింపుతో విడిపోయేదాకా వచ్చారు. ఓబయ్య గారు నేరుగా అంగడికి వచ్చి, కూర్చోకుండానే, "ఏమప్పా, ఉండానంటివే, రా" అన్నారు. రామసుబ్బయ్య గారు సంగతేమిటని అడగలేదు. పండగ బేరాల రోజులైనా, "పోయిరా పో. అంగడి నేను చూసుకుంటా" అన్నారు. అరుగు లేని నేను వాళ్లిద్దరినీ వేంపల్లె బస్టాండులో బల్ల మీద కూర్చోబెట్టి మాట్లాడించాను. చెల్లెలు కదా అని ఆమె వైపు మాట్లాడలేదు. బస్సులు వస్తూ పోతూ ఉన్నాయి. పొద్దు వాలేసరికి ఇద్దరూ ఒకే బస్సెక్కారు.

ఆ తర్వాత మా వాళ్ల పెళ్లిళ్లలో కొన్నింటికి నన్ను వెతుక్కుంటూ వచ్చారు. మిద్దె మళ్లీ రాలేదు, నేను దానికోసం ఎవరినీ ఆశ్రయించలేదు. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లలో మొదటి తాంబూలం ఎవరిదని అడిగేవాళ్లు తక్కువ. తెలిసిన ఇళ్లవాళ్లు కొందరు ఇంకా ఇస్తారు, నేను నిటారుగా నిలబడి తీసుకుంటాను. ఇంత వయసులో ఈ తిరుగుడెందుకని మా అబ్బాయి కసురుతాడు. రామసుబ్బయ్య గారున్నంత కాలం నన్ను ఆ మాట అడగలేదు.

రేపు రాజుపాలెం పోవాలి. పోయినేడు నేను తాంబూలం తీసుకున్న పెళ్లి అది. పిల్లా పిల్లవాడూ ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోవడం లేదట. నన్ను చూడగానే ఇద్దరూ చెరొకవైపు నుంచి, మీరే ఏదో ఒకటి చెప్పండి పెద్దాయనా అంటారు. అప్పుడు ముఖం కాస్త పక్కకు తిప్పుకుని, వాళ్లే నోరు తెరిచేదాకా ఊరుకోవాలి. ఇన్నేళ్లయినా అది నాకు కష్టంగానే ఉంటుంది.