ఏ చేత్తో పుచ్చుకున్నాడు?

కర్పూరం కలిపిన నువ్వుల నూనె వాసన వస్తే ఎవరికైనా పూజగది గుర్తొస్తుందేమో, నాకు నూకమ్మ సిస్టర్ గుర్తొస్తుంది. మొన్న మా ఎమర్జెన్సీ వార్డుకి ఊరి అవతలి తాకేటా పేట నుంచి ఒక పెద్దాయన్ని టాక్సీలో తెచ్చారు. మూతి ఓ పక్కకి లాగేసింది, కుడి చెయ్యి వేలాడుతోంది, ఒళ్ళంతా అదే వాసన. పక్షవాతాన్ని బర్మాలో స్థిరపడ్డ మా తెలుగువాళ్ళు గాలి సోకడం అంటారు, బర్మా భాషలోనూ దానికి గాలి మాటే. గాలి అన్నాక నూనె రాయకుండా ఎవరుంటారు?

నేను యాంగాన్‌లో నర్సుగా చేరిన కొత్తలో ఆ వార్డుకి పెద్ద సిస్టర్ ఆవిడే. అహ్లోన్ రేవులో మూటలు మోసిన వాళ్ళ మనవరాలు. గొంతు విప్పితే వార్డు అదిరేది. మెదడులో నెత్తురు గడ్డని కరిగించే ఇంజెక్షన్ అప్పుడప్పుడే మాకు వస్తోంది. మనిషి బాగున్న ఆఖరి గడియ నుంచి కొద్ది గంటల్లో ఇస్తేనే మేలు. ఆ గడువు దాటాక ఇస్తే మెదడులో రక్తం చిమ్మి ప్రాణమే పోవచ్చు. అందుకే ముందు “ఎప్పుడు?” అని అడగాలి. మావాళ్ళందరి జవాబూ “ఇప్పుడే” అనే. నూనె రాసి, దిష్టి తీసి, ఇంట్లోనే కూర్చున్నామని చెప్పడానికి సిగ్గు. నాకు ఒళ్ళు మండిపోయేది. సిస్టర్ నవ్వి, “టైమడిగితే అబద్దమాడతారే. టీ అడుగు, నిజం సెప్తారు” అనేది.

ఒక మధ్యాహ్నం ఆవిడ సొంత అన్ననే తెచ్చారు. వెంట వచ్చిన వదిన “ఇప్పుడే పడిపోనాడమ్మా” అని ఏడుస్తోంది. డాక్టరు ఇంజెక్షన్‌కి సిద్ధమవుతున్నారు. సిస్టర్ వదిన చెయ్యి పట్టుకుంది.

“పొద్దున టీ ఎవులిచ్చారు?”

“నానే.”

“ఏ సేత్తో పుచ్చుకున్నాడు?”

వదిన ఏడుపు ఆపింది. “ఎడం సేత్తో. లేస్తూనే కుడిసెయ్యి తిమ్మిరన్నాడు. రేత్రి బాగానే ఉన్నాడు.”

సిస్టర్ డాక్టరు వైపు తిరిగి, రాత్రి నుంచి లెక్క వేయమని చెప్పేసింది. ఇంజెక్షన్ ఇవ్వలేదు. తర్వాత తడిగుడ్డతో అన్న గుండెల మీది నూనె తుడుస్తూ, “పేమతోటే రాసినావు వదినా. మీ ఈదిలో ఇంకెవులికైనా ఇలాగైతే మాత్రం, ముందు బండెక్కించు. నూనె దారిలో రాసుకో” అంది. తిడుతుందనుకున్న నేను నోరు తెరిచి చూశాను.

ఆయన బతికాడు కానీ కుడిచెయ్యి మళ్ళీ లేవలేదు. “ఇప్పుడేనన్న మాట నమ్మేద్దామని అనిపించలేదా సిస్టర్?” అని ఒకసారి అడిగాను. “అనిపించదేటి? అన్నయ్య కదా. నిజం సెప్తే సెయ్యి పోనాది. నమ్మీసుంటే అన్నయ్యే పోయీవోడేమో” అని మొహం తిప్పుకుంది. అప్పుడే మొదటిసారి ఆవిడ కళ్ళు తడవడం చూశాను.

ఇప్పుడు కొందరికి తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి గడ్డని లాగేస్తున్నారు. ఆలస్యంగా వచ్చినా స్కాన్ చూసి ఆశ చెప్పే రోజులివి. ఆ వైద్యం అందరికీ అందదు కానీ, ఉందంటే సిస్టర్ ఎంత సంబరపడేదో. ఆవిడ పోయి రెండేళ్ళయింది.

మొన్నటి పెద్దాయన కూతురూ “ఇప్పుడే” అంది. నేను టీ సంగతి అడిగాను. “కుడిసేత్తోనే. ఈ గంటలోనే. పంచదార తక్కువైందని నన్ను తిట్టినాడు కూడాను!” అంది, ఏడుస్తూనే. స్కాన్ తీశారు, ఇంజెక్షన్ పడింది. సాయంత్రానికి ఆయన నా వేలు పట్టుకున్నాడు, గట్టిగా కాదు కానీ కుడిచేత్తోనే.

మర్నాడు లమ్మడాలోని మా ఇంట్లో అమ్మకి టీ అందించి నిలబడ్డాను.

“ఏటే, రోజూ నా సేతికేసి అలా సూస్తావు?”

“ఏం లేదమ్మా, తాగు” అన్నాను. అమ్మ కుడిచేత్తో కప్పు పుచ్చుకుంది.