అనంతయ్య ఛాతీలో ఆటో స్టార్టర్

గోపాల్‌పేటలో బోరు మోటార్లు బాగుచేసే అనంతయ్యకు మీ మణికట్టు దొరికిందా, అంతే సంగతులు! గడియారం చూసుకుంటూ అరనిమిషం వదలడు. తర్వాత ఆ చేతిని తన ఎడమ భుజం కింద ఉబ్బెత్తుగా ఉన్న చోట పెట్టించుకుంటాడు. "పేస్‌మేకర్! అగ్గిపెట్టెంత లేదు, ఆటో స్టార్టర్ పనంత చేస్తది!"

ఒక పెళ్లిలో తలంబ్రాలు పోస్తున్న పెళ్లికొడుకునే పట్టుకున్నాడు. పంతులు కసిరితే, ఆయన చెయ్యీ పట్టుకున్నాడు.

నా ఎరువుల దుకాణంలో ఈ పాఠం వందసార్లు విన్నాను. "డబ్బల బ్యాటరీ, చిన్న సర్క్యూటు ఉంటయ్. దానికెల్లి సన్న వైరు నరంల నుంచి గుండెలకు పోతది. వైరు కొస గుండె గోడకు ఆనుకొని, కొట్టుకుంటుందా లేదా చూస్తుంటది."

"ఊకె కరెంటు కొడ్తనే ఉంటదా అన్నా?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

"మోటరు దానంతటది నడుస్తుంటే స్టార్టర్‌కేం పని? గుండె ఆలస్యం చేస్తేనే జర తడ్తది."

మొన్న ఎండాకాలంలో కూలికి పోయే రూతమ్మ మా దుకాణం ముందు దొరికింది. చెయ్యి పట్టిన అనంతయ్య పాఠం మొదలుపెట్టలేదు. మళ్లీ లెక్కపెట్టాడు.

"చెల్లె, కండ్లు తిరుగుతున్నయా?"

"రెండుసార్లు పడ్డ. ఎండకనుకున్న."

"అరనిమిషానికి పద్దెనిమిదే! నడువ్, వనపర్తి దవాఖానకు పోదాం."

నేనూ, ఆయన భార్యా వెంట వెళ్లాం. పేస్‌మేకర్ పెట్టకపోతే ప్రాణానికే ప్రమాదమన్నారు డాక్టర్లు. రూతమ్మ ససేమిరా అంది. "ఒంట్ల కరెంటా? తడి చెయ్యి తాకితే స్టార్టర్ డబ్బ ఎట్ల కొడ్తదో నాకు తెల్వదా?"

అనంతయ్య వార్డులోనే చొక్కా విప్పేశాడు. "చెయ్యి తడుపుకొని ముట్టు!"

రూతమ్మ గ్లాసులో చెయ్యి ముంచి, కళ్లు గట్టిగా మూసుకొని ముట్టింది. అనంతయ్య మెలికలు తిరిగిపోయాడు.

"కొట్టలేదే!" అంది రూతమ్మ. ఒక కన్ను తెరిచి, "మరి నువ్వెందుకు ఎగురుతున్నవ్?"

"చక్కిలిగింతలు!" అంది పక్కనున్న ఆయన భార్య సుభద్రమ్మ. "నన్నే ముట్టనియ్యడు." తర్వాత నావైపు తిరిగి మెల్లగా చెప్పింది. "నాడి చూస్తనంటే నువ్వేమన్న డాక్టరువా అంటరని ఈ డబ్బ ముచ్చట పెట్టుకుండు. ఈయన పడ్డప్పుడు ఎండదెబ్బని అందరం మజ్జిగ తాపినం. ఒక్కరం నాడి చూడలే."

వందసార్లు ఆయన్ని చూసి నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

రూతమ్మకు పేస్‌మేకర్ పెట్టారు. నిన్న విత్తనాల సంచి కోసం వచ్చి, నా మణికట్టు పట్టుకొని గోడ గడియారం వంక చూసింది.

"అరనిమిషానికి ముప్పయ్యారు. మంచిగున్నవ్ సారూ. ఇగ డబ్బ ముచ్చట చెప్పాల్నా?"

"చెప్పు" అన్నాను. సంచి దించి మొదటి నుంచీ చెప్పింది. బ్యాటరీ దగ్గర ఒక తప్పు చెబితే, నేనే సరిదిద్దాను.