నాలుగో మజిలీలో నల్లబట్ట

భర్త పోయి పదకొండేళ్లయినా ఒంటి మీది నల్లబట్ట విప్పని స్త్రీని చూసి, అది ప్రేమేనని నమ్మేసే వాళ్లలో మీరూ ఒకరా?

అయితే మా కొండకు వచ్చే బస్సులో మీకు ఒక సీటు ఖాయం. లెబనాన్‌లో, బత్రూన్ రేవు దగ్గర బయలుదేరి ద్రాక్షతోటల మధ్య మెలికలు తిరుగుతూ ఎక్కే ఈ దారికి టూరు కంపెనీవారు ఐదు మజిలీలు ఏర్పరిచారు. మొదటిది పాత గానుగ. రెండోది వైను నిలవచేసే నేలమాళిగ. మూడోది మేకపాల జున్ను. నాలుగోది అద్లా. ఐదోది సూర్యాస్తమయం. కరపత్రంలో సూర్యాస్తమయానికీ అద్లాకూ ఒకే సైజు ఫొటో వేశారు. ఆమె ఫొటో కింద ‘తన ప్రేమను మరువని స్త్రీ చేతి రొట్టె’ అని ఉంటుంది.

అద్లాకు ఇప్పుడు యాభై ఒకటి. భర్తకు అన్న, తనకు బావగారు అయిన సర్కిస్ ఇంటి కింది అంతస్తులో రెండు గదుల్లో ఉంటుంది. మే నుంచి అక్టోబరు దాకా పైన అరుగు మీద, బోర్లించిన ఇనుప పెనం ముందు కూర్చుని, పిండి ముద్దను రెండు అరచేతుల మధ్య విసిరి విసిరి కాగితమంత పల్చన చేసి కాలుస్తుంది. మెడ నుంచి మడమ దాకా నలుపు, తలకు నల్ల గుడ్డ. ఆగస్టు ఎండలో, నిప్పు ముందు. వచ్చినవాళ్లు ఆ రొట్టెలో కొండ మీద పెరిగే వాము వాసన ఆకుల పొడీ ఆలివ్ నూనే వేసుకుని తిని, సర్కిస్ తోటల వైను తాగి, ఆమెను చూసి కళ్లు తుడుచుకుంటారు.

వాళ్లు ఎవరి కోసం కళ్లు తుడుచుకుంటున్నారో కూడా చెప్పాలి. ఆమె భర్త నెమెర్ వైను చేయడంలో మంచి చెయ్యిగల మనిషి; ఆ చేతికి వేరే ఉపయోగాలూ ఉండేవి. గానుగ తిప్పే కడ్డీతో ఒకసారి అద్లా ఎడమ మణికట్టు విరగ్గొట్టాడు. అది వంకరగానే అతుక్కుంది. రసం పొంగే రోజుల్లో దీపం దించి, అది ఆరిపోవడం లేదని చూసుకోకుండా తొట్టిలోకి దిగకూడదని మా కొండలో నడక నేర్చిన పిల్లలకు కూడా తెలుసు. నెమెర్‌కూ తెలుసు. తాగి దిగాడు, పొంగులోని గాలి ఊపిరి ఆపేసింది. ఆ తొట్టిలోని వైను ఏమైందని మాత్రం నన్ను అడగకండి. సర్కిస్ దేన్నీ వృథా చేసే మనిషి కాడు.

అంత్యక్రియల రోజున శవపెట్టె నడింట్లో ఉంది. పంచదార లేని కాఫీ చేతులు మారుతోంది. ఏడవవలసిన స్త్రీలు ఏడుస్తున్నారు. అద్లాకు మాత్రం భుజాల మీద నుంచి నీళ్ల బిందె దించినట్టు ఉంది. ఆ తేలికదనం ఎవరి కంటనైనా పడుతుందేమోనని ఆమె భయపడింది. భయపడిన మనిషి అడిగినదానికన్నా ఎక్కువ వాంగ్మూలం ఇస్తుంది. ఏ కోర్టుకు వెళ్లి చూసినా ఇదే జరుగుతుంది.

మా కొండలో భర్త పోయిన స్త్రీ ఏడాది, మహా అయితే రెండేళ్లు నలుపు కడుతుంది. తరువాత అతని తరపు పెద్దల్లో ఎవరో ఒకరు ఒక రంగుబట్ట తెచ్చి ఆమె భుజం మీద వేసి ‘ఇక చాలమ్మా’ అంటారు. ఎవరో ఒకరు అన్న ఆ మాటలోనే ఈ ఆచారానికున్న దయ అంతా ఉంది. ఒకరు మరిచిపోతే మరొకరు గుర్తుచేసుకుంటారు. అద్లా తన నోటితోనే ఆ దయను కొట్టివేసుకుంది. శవపెట్టె మీద చెయ్యి వేసి, ఊరంతా వినేటట్టు అన్నది:

“బావగారు తన చేత్తో తీయిస్తే తప్ప ఈ నలుపు నేను విప్పను. విప్పితే నా బిడ్డ గుమ్మం నిలవకూడదు.”

ఏడ్చేవాళ్లు ఒక్క క్షణం ఆగిపోయారు. తరువాత ఇంకా గట్టిగా ఏడ్చారు. అద్లా మీద ఎవరికీ అనుమానం రాలేదు.

ఏడాది గడిచింది. సర్కిస్ రంగుబట్ట కొననైతే కొన్నాడు. కానీ అదే వేసవిలో మొదటి బస్సు వచ్చింది. బస్సులోంచి దిగిన ఒక పెద్దావిడ రొట్టెనూ వైనునూ జున్నునూ వదిలేసి, నలుపులో ఉన్న అద్లాను ఏడు ఫొటోలు తీసుకుంది. సర్కిస్ ఆ బట్టను తన బట్టల పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆ తరువాత ప్రతి ఏడూ ‘ద్రాక్ష కోతలు అవనీ’ అనేవాడు. కోతలు అయ్యేవి.

ఇది నిర్బంధమా అంటే కాదు. ఒప్పందమా అంటే అదీ కాదు. ఆమె సంతకం ఎక్కడా లేదు, ఆమెను ఎవరూ కట్టేయలేదు. ఒక మనిషి నోరు జారి ఆడిన మాటను మరో మనిషి పదకొండేళ్లు సాగు చేసుకుని ఫలసాయం తిన్నాడు. దీనికి ఏ శిక్షాస్మృతిలోనూ సెక్షను లేదు. మన శాసనకర్తలకు ఇంతకన్నా ముఖ్యమైన పనులు ఉన్నాయి కాబోలు.

ఈ సెప్టెంబరు ఆఖరి ఆదివారానికి అద్లా కూతురు మిరేయ్‌కు రూకోజ్‌తో పెళ్లి నిశ్చయమైంది. మా దగ్గర పెళ్లికూతురు కొత్త ఇంట్లో కాలు పెట్టే ముందు, పులిసిన పిండి ముద్దను గుమ్మం పైకమ్మికి అతికిస్తుంది. అది అంటుకుంటే కాపురం నిలుస్తుందని నమ్మకం. ఆ ముద్దను తెల్లవారుజామున పిసికి కూతురి చేతిలో పెట్టవలసింది తల్లి. నలుపు కట్టిన చెయ్యి దాన్ని తాకకూడదు. రోజూ వందమంది పరాయివాళ్లకు రొట్టె చేసి పెట్టే చేతికి ఆ ఒక్క ముద్ద మీద హక్కు లేదు.

అద్లా నేలమాళిగకు దిగింది. సర్కిస్ ఒక ఖాళీ పీపాలో తల పెట్టి వాసన చూస్తున్నాడు.

“బావగారూ, మిరేయ్ పెళ్లికి ఇంకా ఇరవై రోజులే ఉన్నాయి.”

“తెలుసు. విందుకు గొర్రెలు కూడా పురమాయించేశా.”

“ముద్ద నేనివ్వాలి కదా.”

“ఇవ్వు. వద్దన్నదెవరు?”

“నలుపుతో ఎట్లా ఇస్తాను?”

సర్కిస్ తల బయటికి తీశాడు. “ఓహో, అదా సంగతి. చూడు అద్లా, నిన్ను చూడ్డానికి బస్సులొస్తున్నాయి. నా మొహం చూడ్డానికి మేక కూడా రాదు. నువ్వు పూలగౌను వేసుకుని రొట్టె చేస్తే ఏమవుతుందో తెలుసా?”

“ఏమవుతుంది?”

“రొట్టవుతుంది. వట్టి రొట్టె తినడానికి జర్మనీ నుంచి ఎవడొస్తాడు?”

“పదకొండేళ్లయింది.”

“కట్టమని నేనన్నానా? శవం మీద చెయ్యేసి నువ్వే అన్నావు. నాకు చెప్పకుండా నా పేరు ఇరికించావు. నేనేమన్నా పోట్లాడానా? కోతలవనీ.”

“అప్పటికి పెళ్లయిపోతుంది.”

“అయితే ముద్ద మా ఆవిడ ఇస్తుంది. జోర్జెత్‌కు చేతుల్లేవా ఏంటి?” అని మళ్లీ పీపాలో తల పెట్టాడు.

ఆదివారం పూజ అయ్యాక అద్లా ఫాదర్‌ను ఆపి అడిగింది. ఆయన సూటిగానే చెప్పాడు. “బిడ్డా, నలుపు కట్టమని చర్చి అనలేదు, విప్పమనీ అనదు. నువ్వన్న మాట, నువ్వే వదులుకోవచ్చు. దేవుడు దాన్ని లెక్కలోకి తీసుకోడు.”

“ఆ మాట ఊళ్లో చెప్తారా ఫాదర్?”

“ఊళ్లోనా?” అని ఆయన గడియారం చూసుకున్నాడు. సర్కిస్ ఇంట్లో భోజనానికి అప్పటికే ఆలస్యమైంది.

అంటే చట్టం వైపు నుంచీ దేవుడి వైపు నుంచీ ఆమెకు అడ్డు లేదు. మిగిలింది కూతురి గుమ్మం ఒక్కటే. అందుచేత ఆమె కూతురినే అడిగింది. మిరేయ్ రేవులో బడిపంతులమ్మ. చదువుకున్నది, ఇటువంటి శాపాలను నవ్వి కొట్టిపారేస్తుందని అద్లా అనుకుంది. ఆ పిల్ల బట్టలు సర్దుకుంటూ తల ఎత్తకుండానే అన్నది:

“అమ్మా, నేనెప్పుడో పెద్దమ్మకు చెప్పేశాను. ముద్ద తనే ఇస్తుంది.”

“నన్ను అడక్కుండానా?”

“అడిగితే ఏడుస్తావని. శవం మీద చెయ్యేసి నా గుమ్మం పేరెత్తింది ఎవరు? నేనా?”

“నువ్వు నమ్ముతావా అవన్నీ?”

“నమ్మను. కానీ రేపు నాకేదన్నా అయితే అందరూ నమ్ముతారు.”

“మీ నాన్న ఎట్లాంటివాడో నీకు తెలుసు. నా చెయ్యి విరిగిన రోజున నువ్వు తలుపు వెనకాలే ఉన్నావు.”

“గట్టిగా అనకు,” అని మిరేయ్ వెళ్లి కిటికీ మూసింది. “రూకోజ్ వాళ్లమ్మ నీ కరపత్రం చదివి ఏడ్చిందంట. అట్లాంటి తల్లి కడుపున పుట్టిన పిల్లయితే మాకు ఏ అభ్యంతరం లేదందంట. ఇప్పుడు నువ్వు పోయి మా ఆయన చెడ్డవాడు, నాకు విడుదలొచ్చింది అంటావా? పెళ్లయ్యేదాకా అయినా కాస్త ఏడ్చే మొహం పెట్టుకో అమ్మా. పదకొండేళ్లు పెట్టావు, రెండు వారాలకు ఏమైంది?”

ఆ పిల్ల దుర్మార్గురాలని నేను అనను. భయపడిన మనిషి కూతురు కూడా భయంలోనే పెరుగుతుంది. అయితే ఆ కారణంగా ఆ మాటలు మెత్తబడవు.

పెళ్లి జరిగింది. ఆ తెల్లవారుజామున జోర్జెత్ వంటగదిలోకి వచ్చి, అద్లా జాడీలోని పులిసిన పిండిలోంచే గుప్పెడు తీసుకుంది. “ఏమనుకోకు అద్లా, నా పిండి సరిగా పొంగలేదు,” అన్నది. రూకోజ్ ఇంటి ముందు ఆ ముద్దను మిరేయ్ చేతిలో పెట్టింది ఆమే. అది కమ్మికి ఒక్క దెబ్బకు అతుక్కుంది. జనం చప్పట్లు కొట్టారు. నలుపుతో లోపలికి రాకూడదు గనుక అద్లా గేటు బయట, కార్లు ఆపిన చోట నిలబడి ఉంది. పెళ్లికొడుకు తల్లి అంతదూరం నడిచి వచ్చి ఆమెను కావలించుకుంది. “నీ మర్యాద చూసి మా పిల్లలు నేర్చుకోవాలమ్మా,” అన్నది. తరువాత ఫొటో తీయించుకుంది. చివరి ఫొటో తీసేటప్పుడు, కొంచెం పక్కకు చూడమని, కరపత్రంలో అట్లాగే ఉందని చెప్పింది.

సోమవారం ఉదయం బస్సు వచ్చింది. ముప్ఫైమంది దిగారు. అద్లా పెనం ముందు కూర్చుంది. కథ చెప్పేవాడు జాద్. బేరూత్ కుర్రకారులో ఒకడు, నాలుగు భాషలు మాట్లాడతాడు. ప్రియమైన భార్యకు మంచి వైను చేసి ఇవ్వాలని తొట్టిలోకి దిగి ప్రాణాలు వదిలిన నెమెర్ గురించి అతడు గొంతు తగ్గించి చెబుతూ ఉండగా, ముందు వరసలోని ఒక స్త్రీ ఏదో అడిగింది.

“అత్తా, ఆయన ఎట్లాంటి మనిషని అడుగుతున్నారు,” అన్నాడు జాద్.

ఇంతకాలం ఈ ప్రశ్నకు అద్లా తల వంచుకునేది. ఆ రోజు రొట్టెను పెనం మీద నుంచి తీసి పక్కన పెట్టింది. ఎడమ చెయ్యి చాచి వంకర మణికట్టు చూపించింది.

“గానుగ కడ్డీతో కొట్టాడు. కూర వేడిగా లేదని. వాడు పోయిన రోజు నాకు సుఖంగా నిద్ర పట్టింది. ఇది చెప్పు వాళ్లకు.”

జాద్ ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. తరువాత వాళ్ల వైపు తిరిగి, మెల్లగా, చాలా అందంగా ఏదో చెప్పాడు. అడిగిన స్త్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె లేచి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ వంకర మణికట్టును ముద్దు పెట్టుకుంది. ఇంకొకరు వీడియో తీశారు.

“ఏం చెప్పావురా?”

“పోయేముందు ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడని చెప్పా.”

“నేను చెప్పింది అదా?”

“అత్తా, నువ్వు చెప్పింది చెప్తే వీళ్లు రొట్టె తింటారా? వైను కొంటారా? సర్కిస్ మామ నన్ను రేపట్నుంచి రానిస్తాడా? నీకు కడుపుమంటగా ఉంటే నన్ను నాలుగు తిట్లు తిట్టు, అవి కూడా అందంగానే చెప్తా.” జనం నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో వాళ్లకు తెలియదు. అతడు నవ్వాడు గనుక నవ్వారు.

అద్లా మిగతా రొట్టెలన్నీ కాల్చింది. ఒక్కటి కూడా మాడ్చలేదు. బస్సు సూర్యాస్తమయం చూడడానికి వెళ్లిపోయాక, సర్కిస్ ఖాళీ సీసాలు ఏరుతూ ఉండగా, అతని ఎదుట నిలబడింది.

“రేపట్నుంచి నేను నలుపు కట్టను బావగారూ.”

“పిచ్చా? కూతురి గుమ్మం మీద ఒట్టేశావు, మర్చిపోయావా?”

“ఆ గుమ్మానికి ముద్ద ఇచ్చింది మీ ఆవిడ. నన్ను గేటు దాటనివ్వలేదు. ఆ ఇంటి మంచికి నేను పనికిరానప్పుడు చెడుకు మాత్రం ఎట్లా పనికొస్తాను? నా ఒట్టు ఆ ఇల్లెక్కడుందో కూడా ఎరగదు.”

ఎంత చట్టం చదివితే ఇటువంటి వాదన తయారవుతుందో నాకు తెలుసు. ఆమె మూడో తరగతి దాటలేదు.

సర్కిస్ చేతిలోని సీసా కింద పెట్టాడు. గొంతు మార్చాడు. “అక్టోబరు ఆఖరు దాకా ఆగు. నేనే నా చేత్తో తీయిస్తా. ఊరందరి ముందు. పెట్టెలో బట్ట కూడా ఉంది.”

“మీ చెయ్యి అక్కర్లేదు.”

“అయితే కింద గదులు కూడా అక్కర్లేదన్నమాట. రొట్టె చేసే మనిషికి ఇచ్చిన గదులవి.”

“తెలుసు.”

“ఎక్కడికి పోతావు? కూతురి దగ్గరికా? రంగుగౌనుతో వెళ్తే నిన్ను గడప తొక్కనిస్తారనుకుంటున్నావా?”

“లేదు.”

ఆ రాత్రి ఆమె ఎవరినీ సలహా అడగలేదు. మంగళవారం పొద్దున్నే నలుపు విప్పి, మడిచి, సర్కిస్ వాకిట్లో అరుగు మీద పెట్టింది. ఎప్పటిదో ఒక గోధుమరంగు గౌను తొడుక్కుని, రేవులోని రొట్టెల దుకాణంలో పనికి కుదరాలనీ, తాను కొండ దిగిన సంగతి కూతురికి కబురు చేయకూడదనీ నిర్ణయించుకుంది.