బాపు నన్ను బాయిలోకి తీసుకెళ్లిన రోజు

మా బాపు రాయమల్లు గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. కప్పు కూలకుండా దుంగలు ఆనించడం ఆయన పని. ఆ కప్పు కింద కూనిరాగం తీస్తూ తిరిగే మనిషి! కళ్లు మూస్తే నాకూ బాయే కనిపించేది. చూపించమని ప్రాణం తీసేదాన్ని. "ఆడోళ్లను పోనియ్యరు బిడ్డా" అని తప్పించుకునేవాడు.

2009లో, నా పదమూడో ఏట, మోకాలి నొప్పి పట్టుకుంది. కుంటుతుంటే "బడి ఎగ్గొట్టే ఏషాలు" అని తిడుతూనే అమ్మ నూనె రుద్దేది. మోకాలికి ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదన్నారు. ఎందుకుంటుంది? రోగమేమో తుంటిలో కూర్చుని మోకాలిని ఏడిపిస్తోంది!

చివరికి కరీంనగర్ డాక్టరు నా కాలు తిప్పి చూశాడు. "తొడ ఎముక తలకాయ కింద ఎదిగే పొర ఉంటది. ఆడ ఎముక జారుతున్నదేమోనని అనుమానం. జారితే జన్మంత కుంటుడే. తుంటి ఎక్స్‌రేల గూడ తెలుస్తలేదు, ఎమ్మారై తియ్యాలె. కదిలితే బొమ్మ చెడిపోతది" అన్నాడు.

ఎమ్మారై గది ముందు నా పట్టీలు, బాపు బెల్టు, తాయెత్తు, తాళాలు అన్నీ తీయించారు. బాపు నవ్వాడు.

"బాయి గేటుకాడ గూడ గిట్లనే తడుముతరు, అగ్గిపెట్టె కోసం. పా హర్షిణీ, ఇయ్యాల నిన్ను బాయిలకు తీస్కపోత. కండ్లు మూసుకో. బాయిలకు దిగే బండి ఆగేదాక కదలద్దు."

బల్ల గొట్టంలోకి జారింది. బాపు నా కాలి బొటనవేలు పట్టుకుని నిలబడ్డాడు. టకటక, ఢమఢమ! అమ్మో, లేవబోయాను. బాపు వేలు నొక్కాడు. గట్టిగా కళ్లు మూసుకున్నాను.

బండి కిందికి పోతోంది. చల్లటి గాలి. నల్లటి గోడల మధ్య మిణుగురుల్లా దీపాలు. దూరంగా ఎవరో బొగ్గు కొడుతున్నారు. బాపు ముందు నడుస్తూ కప్పు తట్టి చూస్తున్నాడు. బండి సన్నగా ఊగుతోంది. ఆ ఊపు కాలి వేలి నుంచి ఒళ్లంతా పాకుతోంది. ఎంత హాయిగా ఉందో! అట్లాగే నిద్రపోయాను.

సాయంత్రం డాక్టరు బొమ్మ చూపించాడు. "మస్తు సాఫ్‌గ వచ్చింది. పొర దెబ్బతిన్నది గని ఎముక ఇంకా జారలే. ఇప్పుడే స్క్రూ ఏస్తే బిడ్డ సక్కగ నడుస్తది."

బాపు కుర్చీలో కూలబడ్డాడు. నేనింకా బాయిలోనే ఉన్నాను.

"బాపూ, బండి రోజూ గట్లనే ఊగుతదా?"

ఆయన చెయ్యి చాపాడు. అది ఇంకా వణుకుతోంది.

"బండి కాదు బిడ్డా, గిది."