బెల్లం పూసిన బాక్టీరియా

ఆ కాలంలో మా వైపు జనం కంటికి కనబడనివాటిలో రెండింటినే నమ్మేవాళ్ళు: ఒకటి దేవుడు, రెండు దయ్యం. మూడోదాన్ని నమ్మించే పని ప్రభుత్వం నాకు అప్పజెప్పింది. అరవైల్లో, వ్యవసాయ శిక్షణ ముగించుకుని, మీసం పూర్తిగా రాకముందే పెనుకొండలో ఉద్యోగం వచ్చిన రోజులవి. (మీసం ఆ తర్వాత కూడా అంతంత మాత్రంగానే వచ్చింది. ఉద్యోగమే నయం.) వేరుశనగ విత్తనానికి బాక్టీరియా పట్టించి విత్తితే, ఆ సూక్ష్మజీవులు వేళ్ళలో కాపురం పెట్టి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు తినిపిస్తాయని రైతులకు చెప్పాలి. ధర్మవరంలో మగ్గం గుంటలో కూర్చున్న మా నాయనకు ఇదంతా విడమర్చి చెబితే, ఆయన మగ్గంలో అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపి, "పురుగులు మనకు కొత్తేం కాదు లేరా. పట్టు ఇచ్చేదీ పురుగే. కంటికి కనబడేదాన్ని ఇడిసిపెట్టి కనబడనిదాని యెంబడి పోతాండావే, అదే నాకు తెలీలే" అన్నాడు. నాకు రోషం వచ్చింది. చదువుకున్నవాడికి జీతం కంటే ముందు వచ్చేది అదే కదా!

బాక్టీరియా సీసాల్లో, రైల్లో వచ్చేది. ఎండ తగిలితే చచ్చిపోతుంది. మా ప్రాంతంలో ఎండ తగలకుండా బతకడం మనిషికే గగనం, ఇక బాక్టీరియా సంగతి చెప్పేదేముంది. మా పై అధికారిని మేం చాటుగా 'రేపు సార్' అనేవాళ్ళం, ఏ కాగితం పెట్టినా "రేపు చూద్దాం" అంటాడు గనక. "ఎందుకయ్యా తంటా? ఆ సీసాలు అల్మరాలో పెట్టు, రేపు చూద్దాం" అన్నాడాయన. అల్మరాలో పెడితే రేపటికి చూడ్డానికి ఏమీ మిగలదన్నాను. ఆ మాట అన్నందుకు తర్వాత నా కాగితాలన్నీ రేపటికి, మళ్ళీ రేపటికి పోయాయి, అది వేరే కథ. తడి ఇసుక నింపిన కూజాలో సీసాలు పెట్టి, దానికి తడిగుడ్డ చుట్టి, ఒళ్ళో పెట్టుకుని హిందూపురం బస్సెక్కాను. కండక్టరు కూజా మీద వేలితో కొట్టి, "ఏమప్పా, లోపల ఏముండాది?" అన్నాడు. "కోట్లమంది" అన్నాను గర్వంగా. "అందరికీ టికెట్టు తీసుకుంటావా, లేక నువ్వు దిగుతావా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను మాత్రం కూజాను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

పరిగి దారిలో ఉన్న ఆ పల్లెలో రచ్చకట్ట మీద నేను ఉపన్యాసం మొదలుపెట్టేసరికి సగంమంది లేచి వెళ్ళారు. మిగతా సగం నిద్రపోతున్నారు కాబట్టి వెళ్ళలేదు. "మంచి ఇత్తనానికి పురుగులు పూసేదేంది సార్, మతి ఉండాదా?" అని ఒక మోతుబరి రైతు కసురుకున్నాడు. అతను అలా అన్నాడనే ఒకే ఒక్క కారణంతో, వెనకనుంచి ఒక ముసలామె, "నా చేన్లో పుయ్యప్పా. ఎన్ని ఉంటే అన్నీ పుయ్యి" అంది. ఊరంతా ఆమెను మొండవ్వ అంటారు. మోతుబరి ఆమె మరిది. మొగుడు పోయినప్పటినుంచి ఆమె సొంతంగా సేద్యం చేసుకుంటోంది. ఆడమనిషికి సేద్యమేమిటి, చేను నాకిచ్చెయ్, తిండిగింజలు నేను కొలుస్తానని మరిది ఏటేటా అడుగుతున్నాడు. ఇద్దరి చేలూ ఒకే కొలత, మధ్య ఒక్క గట్టే.

"సరే వదినా, పూయించుకో. నా చేనికంటే నీ చేను తక్కువ పండిందా, వచ్చే ఏటినుంచి సేద్యం నాది" అన్నాడు మరిది. "ఎక్కువ పండిందా, నువ్వు మళ్ళా ఆ మాట ఎత్తితే నాలుక కోస్తా అబ్బీ" అంది అవ్వ. నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి సాక్ష్యం పలికారు. ప్రయోగమంటే పంట మీద చేస్తారని చదువుకున్నాను గానీ, ఒక ముసలామె బతుకుతెరువు మీద చేస్తారని ఏ పాఠంలోనూ చెప్పలేదు.

వాన పడింది. తెల్లారేసరికి మన్ను విత్తడానికి సరిపడా తడిసి పదునెక్కింది. బెల్లం గంజి కాచి, చల్లార్చి, అందులో బాక్టీరియా కలిపి, విత్తనాలకు పట్టించి చింతచెట్టు నీడలో గోనెల మీద ఆరబెట్టాను. నాగలి వెనక సాళ్ళలో గింజలు వెయ్యడానికి కూలి ఆడవాళ్ళు ఒడుల్లో నింపుకుపోయారు. ఇక్కడే నా చదువు చాలలేదు. ఆ ఊళ్ళో విత్తే రోజు కూలివాళ్ళ నోటికి అడ్డు చెప్పకూడదు. విత్తే చెయ్యి ఆకలితో ఉంటే చేనూ ఆకలితోనే ఉంటుందని వాళ్ళ నమ్మకం. నాలుగు గింజలు సాలుకు, ఒక గింజ నోటికి, అదీ లెక్క. ఆ ఏడు గింజకు బెల్లం కూడా పూసి ఉంది! "ఈసారి అవ్వకు మంచి బుద్ధి పుట్టింది మే, తియ్యగా పెట్టింది" అనుకుంటూ లెక్క తిరగేశారు. నా బాక్టీరియా భూమిలోకి పోయేదానికంటే కడుపుల్లోకి పోయేదే ఎక్కువైంది. చూసి తట్టుకోలేక, "తినొద్దండీ! వాటినిండా సూక్ష్మజీవులున్నాయి!" అని అరిచాను.

నాగళ్ళు ఆగాయి. గట్టవతలనుంచి మరిది, ఇదే అదనని, "పురుగులు తినిపించినాడు మే మీతో!" అని కేక పెట్టాడు. ఒకామె ఉమ్మేసింది. ఇంకొకామె కడుపు పట్టుకుంది. అందరూ ఒడులు దులిపేసి గట్టు మీద కూర్చున్నారు. "మా పిల్లోళ్ళకు దిక్కెవురు సార్? నువ్వొచ్చి వండిపెడతావా?" అని నిలదీశారు. పైన ఎండ ముదురుతోంది. విత్తనం మీద ఎండ పడితే బాక్టీరియా చస్తుంది, మన్ను మీద పడితే పదును చస్తుంది, రెండూ చస్తే అవ్వ సేద్యం చస్తుంది. శాస్త్రం చెప్పబోతే ఒక్కరూ వినలేదు. ఇక మాటలతో లాభం లేదని దోసెడు గింజలు తీసుకుని అందరి ముందూ నోట్లో పోసుకున్నాను. "ఉద్యోగం కోసరం సచ్చేదానికీ తెగించినాడు, పాపం!" అన్నాడు మరిది. నోటినిండా గింజలుండటంతో జవాబు చెప్పలేకపోయాను. (జీవితంలో నేను మౌనంగా గెలిచిన వాదన అదొక్కటే.) అప్పుడు అవ్వ వచ్చి, పళ్ళు లేని నోట్లో రెండు గింజలు వేసుకుని చప్పరిస్తూ, "సస్తే నా చేన్లోనే సస్తా, మోసే పని కూడా ఉండదు. లెయ్యండే, పదును పోతాండాది!" అంది. ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వుతో లేచి, తిట్టుకుంటూ విత్తారు. మర్నాడు వాళ్ళలో ఒకామె వచ్చి, ఏళ్ళనాటి గ్యాసు తగ్గిందనీ, ఇంకొంచెం ఉంటే ఇమ్మనీ అడిగింది.

చేను పూతకొచ్చే వేళకు నేను ఊరందరినీ పిలిచి, అవ్వ చేన్లో ఒక మొక్క పెరికి, వేళ్ళకున్న బుడిపెలు చూపించాను. "ఇవే సూక్ష్మజీవుల ఇళ్ళు" అన్నాను, ఇంటి యజమానిలా. మరిది తన చేన్లోంచి ఒక మొక్క పీక్కొచ్చి నా ముందు పడేశాడు. దానికీ ఉన్నాయి బుడిపెలు! మట్టిలో సహజంగా కొన్ని జీవులుంటాయి మరి. జనం గొల్లున నవ్వారు. నేను తగ్గలేదు. బ్లేడుతో రెండు రకాల బుడిపెలూ కోశాను. అవ్వవి లోపల ఎర్రగా ఉన్నాయి, మరిదివి చాలావరకు పాలిపోయి ఉన్నాయి. ఎర్రగా ఉంటే పని చేస్తున్నట్టు, పాలిపోతే ఊరికే కూర్చున్నట్టు అన్నాను. "అంటే మా మరిది చేన్లో ఉండేటివన్నీ సోంబేరులే అన్నమాట. యజమాని ఎట్లో పురుగులూ అట్లే" అంది అవ్వ.

కాయలు కొట్టాక కళ్ళంలో మూటలు పక్కపక్కన నిలబెట్టారు. అవ్వది ఒక్క మూట ఎక్కువ. మరిది రెండుసార్లు చుట్టూ తిరిగి చూసి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ మూట బాక్టీరియాదా, అవ్వ తోలించిన గొర్రెల ఎరువుదా అంటే నిజాయితీగా నేటికీ తేల్చలేను. ఎవరైనా అడిగితే మాత్రం బాక్టీరియాదేనని దబాయిస్తాను. అవ్వ నన్ను ఒంటరిగా గట్టు దగ్గరికి తీసుకుపోయి, గొంతు తగ్గించి, "ఏమప్పా, మన పురుగులు గట్టు దాటి వాని చేన్లోకి పోవు గదా?" అంది. వానకూ గాలికీ మట్టితోపాటు అవి ఎటైనా పోతాయని మొదలుపెట్టాను. ఆమె ముఖం మాడింది. "సంవత్సరమంతా పోట్లాడి నిలుపుకున్నా నాయనా, ఊరికే వానికి పోతే ఎట్ల? నువ్వు తెచ్చినవే గదా, నువ్వు చెప్తే వింటాయి. చెప్పు."

నేను చదివిన చదువంతా అడ్డం నిలబడింది. దాన్ని పక్కకు తోసి, గట్టెక్కి, చేనికేసి తిరిగి, వేలు చూపిస్తూ, "ఇదిగో, ఒక్కరు కూడా ఇది దాటకూడదు!" అని గట్టిగా హుకుం జారీ చేశాను. అవ్వ తృప్తిగా తల ఊపి మూటలు ఎత్తించడానికి వెళ్ళింది. ఆ తర్వాత ఉద్యోగంలో పెద్దవాణ్ణయ్యాను, నా కింద చాలామంది పనిచేశారు, ఎన్నో హుకుములు ఇచ్చాను. ఏది ఎవరు విన్నారో నాకు బాగా తెలుసు. వినలేదని ఇప్పటిదాకా నాకు రుజువు దొరకనిది ఆ ఒక్క హుకుమే.